గుబురయ్య కొట్టిన మేకులు

అనగనగా, వానలు ఎక్కువగా పడే ఒక కొండ అడవిలో, గుబురయ్య అనే ఎలుగుబంటి వడ్రంగం చేసుకుని బతికేవాడు. అతని గుడిసెలోనే ఎర్రక్క అనే ముసలి ముంగిస ఉండేది. పనిముట్లకు సాన పట్టడం ఆమె పని. ఉలి, సుత్తి, రంపం, బాడిస అన్నీ ఓ మూల నేల మీద కుప్పగా పడి ఉండేవి.

ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. తలుపు ఊడిపోయిందని కుందేలు వచ్చింది. దూలం విరిగిందని ముళ్లపంది వచ్చింది. మెట్లు కొట్టుకుపోయాయని జింక వచ్చింది. గుబురయ్య ఎవరినీ కాదనలేకపోయాడు. పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. అన్నం ముందు కూర్చుని కునికేవాడు.

ఒకరోజు కుప్పలో రంపం వెతుకుతూ ఎర్రక్క ఉలి మీద చెయ్యి వేసింది. అరచెయ్యి తెగింది.

"తమ్ముడూ, అడవంతటికీ చేసిపెడతావు. మన పనిముట్లకు గోడకు తగిలించే చెక్క బీరువా ఒకటి చెయ్యరాదూ?" అంది.

గుబురయ్యకు మనసు చివుక్కుమంది. "చేస్తానక్కా," అన్నాడు.

రోజూ పని నుంచి వచ్చాక కాస్త కాస్త చేశాడు. టేకు పలకలు చిత్రిక పట్టి నున్నగా తీర్చాడు. ఉలులు దూర్చడానికి కంతలు తొలిచాడు. మేకులకు చిన్న సొరుగు పెట్టాడు. చివరికి గోడకు బిగించడమొక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం అతను కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

"ఇవాళ వద్దులే, ఒళ్లు తేరుకున్నాక చూద్దువు గాని," అంది ఎర్రక్క.

"రేపు మళ్లీ ఎవరో పిలుస్తారక్కా. ఇది అయిపోతే నిశ్చింత."

మొదటి మేకు కొట్టాడు. తడిమట్టిలోకి దిగినట్టు దిగిపోయింది. రెండోదీ అంతే. మూడోది ఒక్క దెబ్బకే తల దాకా పోయింది. గోడ లోపలి కర్రను చెదలు తినేశాయని గుబురయ్యకు తెలిసిపోయింది. మేకులు పీకి, బీరువాను అవతలి గట్టి కర్ర గుంజకు బిగించాలి. కానీ చేతులు పైకి లేవలేదు.

"గట్టిగా ఉందా, తమ్ముడూ?"

"ఆఁ, ఉంది," అని అలాగే పడుకున్నాడు.

ఎర్రక్క పనిముట్లన్నీ తుడిచి బీరువాలో సర్దింది. కుప్ప పోయి ఖాళీ అయిన మూలలో, సంబరంగా, బీరువా కిందే చాప వేసుకుంది.

తెల్లవారుతుండగా ధబేలుమని చప్పుడైంది. గుబురయ్య ఉలిక్కిపడి లేచాడు. బీరువా ఎర్రక్క కాలి మీద పడి ఉంది. దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. కాలు విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు.

"అక్కా, మేకు దిగినప్పుడే నాకు తెలుసు. ఒళ్లు అలిసిపోయి..."

ఎర్రక్క కట్టు కట్టిన కాలిని తడుముకుంది.

"అలిసిపోయావని నాకు తెలియదా నాయనా? గట్టిగా లేదని ఒక్క మాట చెప్పాల్సింది. నేను అవతల పడుకునేదాన్ని కదా."

బయట నుంచి కుందేలు పిలిచింది. "ఇవాళ రాలేనమ్మా," అని గుబురయ్య ఎర్రక్క పక్కనే కూలబడ్డాడు.

కొన్నాళ్లకు ఒళ్లు తేరుకున్నాడు. బీరువాను గుంజకు బిగించి, దానికి వేలాడి మరీ చూశాడు.

"అక్కా, ఇప్పుడు నిజంగా గట్టిగా ఉంది!"

ఎర్రక్క నవ్వింది. చాప మాత్రం ఎదుటి గోడ పక్కకే జరుపుకుంది.

నీతి: అలిసిపోవడం తప్పు కాదు. పని సరిగ్గా కుదరలేదని తెలిసి కూడా బాగుందని చెప్పడమే తప్పు.