పిడికి తడి తగలకూడదు

తునిలో గవరయ్యగారింట్లో తెలివి ఎంత ఉండేదంటే, లోపల పట్టక కొంత అరుగు మీద ఆరబెట్టుకునేవాళ్ళు. ఈ మాట నాది కాదు, గవరయ్యదే. "మాకు ఒక్కసారి చెబితే చాలండి. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అక్షరం పొల్లుపోదు" అని మీసం దువ్వేవాడు. భార్య సూరీడమ్మ "అవునండి" అనేది. కొడుకు సత్తిపండు "అవునవునండి" అనేవాడు. అలా ముగ్గురూ ఏకగ్రీవంగా తెలివైనవాళ్ళు.

కోడలు హైమ మాత్రం ఏమీ అనేది కాదు. ఆ తెలివి దెబ్బ తిన్నది ఆ పిల్లే మరి.

రెండేళ్ళ కిందట హైమ నాన్న వీర్రాజుగారు పిఠాపురం నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చారు. రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి, కాఫీ అంటే ప్రాణం. గవరయ్య "కాఫీ తీసుకోండి బావగారూ" అంటే, ఆయన మొహమాటానికి, "అబ్బే, ఎందుకండీ. సరే, ఒక్క చుక్క పొయ్యండి" అన్నారు. అంతే! సూరీడమ్మ మందుసీసా డ్రాపరు కడిగి తెచ్చి, వెండిగ్లాసులో సరిగ్గా ఒక్క చుక్క వేసింది. రెండోది జారబోతే సత్తిపండు అరచెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. వీర్రాజుగారు గ్లాసులోకి చూశారు. బోర్లించి చూశారు. "జన్మలో మళ్ళీ మీ గడప తొక్కను!" అనేసి చక్కాపోయారు. ఎర్రజెండా ఎత్తితే దించే మనిషి కాదాయన.

రెండేళ్ళు హైమ నాన్నని ఫోన్లోనే చూసుకుంది. చివరికి ఆఫీసులో బోనసు వస్తే ఇంటికి ఒక ఎస్ప్రెస్సో కాఫీ మిషను కొని, దాని ఫొటో ఆయనకి పంపింది. ఆయన రెండురోజులు ఆలోచించి, "ఆదివారం వస్తానమ్మా. ఒక్క కాఫీ తాగుతాను. అది కూడా అలాగే అఘోరిస్తే ఇంకెప్పుడూ నన్ను రమ్మనకు. ఆ గడప సంగతి వచ్చాక చూద్దాం" అన్నారు.

హైమ గంతులేసింది. ఇంకేముంది, ఆ వారమే ఆఫీసువాళ్ళు రాజమండ్రిలో రెండురోజులు ట్రైనింగు వేశారు. ఆదివారం పొద్దున్న తిరిగొస్తూ దారిలో నాన్నని రైలెక్కించుకుని రావాలి. ఈలోపు మిషను ఎవరి చేతిలో ఉండాలి? ఆ ముగ్గురి చేతిలోనే.

శుక్రవారం పొద్దున్న బయల్దేరే ముందు ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. "ఇదిగో అత్తయ్యా, దీన్ని పోర్టాఫిల్టర్ అంటారు. చెక్కపిడి, చివర చిల్లుల గిన్నె. ఇందులో కాఫీపొడి నొక్కి మిషనుకి బిగిస్తే కాఫీ దిగుతుంది."

"అంత పేరు నాకు నోరు తిరగదమ్మా, పిడి అంటాను" అంది సూరీడమ్మ.

"పిడే అనండి. ప్రతి కాఫీ తర్వాత వెంటనే కడగాలి, లేకపోతే పిప్పి పట్టేసి చేదొస్తుంది. రేపు సాయంత్రం వేడినీళ్ళలో ఈ శుభ్రంచేసే తెల్లపొడి వేసి గిన్నెని అరగంట నానబెట్టండి. పిడికి మాత్రం తడి తగలకూడదు. తర్వాత ఎత్తి చూడండి, ప్రతి చిల్లులోంచీ వెలుతురు కనబడాలి. ఎల్లుండి నాన్న వచ్చాక, మొదట పొడి వెయ్యకుండా ఒకసారి ఉత్త వేడినీళ్ళు దింపండి. మొదటి కప్పు నాన్నకే ఇవ్వండి. ఏవండీ, గుర్తుంటుందా?"

"అక్షరం పొల్లుపోదు" అన్నాడు సత్తిపండు.

హైమ ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, పక్కింటి రామతులసి మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ కనిపించింది.

"నాన్నా, కాఫీ!" అని అరిచాడు సత్తిపండు.

"మనది కాదుగా" అంది సూరీడమ్మ.

"హైమ ఏమంది? ప్రతి కాఫీ అంది. మన కాఫీ అందా?" అన్నాడు గవరయ్య. అంతే, పిడికి తడి తగలకుండా గిన్నె కడిగారు. రామతులసి మొగుడు గ్లాసు పట్టుకుని వచ్చాడు. కడిగారు. ఎదురింటి తాతగారు సగం తాగి వదిలేశారు. సగం కడిగారు. మరి చాటుగా తాగేవాళ్ళ మాటేమిటి? సత్తిపండుని బస్టాండు హోటల్ దగ్గర కాపలా పెట్టారు. వాడు ఫోన్లో "ఒకటి నాన్నా! ఇంకోటి! అమ్మో, పెళ్ళివారి బస్సొచ్చింది!" అంటుంటే, ఇక్కడ సూరీడమ్మ కడిగీ కడిగీ వేళ్ళు నానిపోయి ఏడుపుమొహం పెట్టింది.

"ఏం పిన్నీ, పొద్దున్నించీ అదే తోముతున్నావ్?" అంది రామతులసి.

"నువ్వు తాగడం ఆపవే తల్లీ, నేను తోమడం ఆపుతాను!"

శనివారం సాయంత్రం నానబెట్టే ఘట్టం. తపేలాలో వేడినీళ్ళు, తెల్లపొడి. గవరయ్య పీట మీద కూర్చుని, గిన్నెని నీళ్ళలో ముంచి పిడి పట్టుకున్నాడు.

"ఏవండోయ్, మీ అరచేతికి చెమట పడుతోంది. చెమట తడేగా?" అంది సూరీడమ్మ.

"తడే! పౌడరు తే!"

ఆవిడ పౌడరు డబ్బా సగం గుమ్మరించింది. ఆవిరి కూడా తడే కదా అని సత్తిపండు గొడుగు విప్పి పిడికి అడ్డంపెట్టాడు. ఇరవై నిమిషాలు బాగానే గడిచింది. అప్పుడు గొడుగు ఊచ గవరయ్య చంకలో గుచ్చుకుంది. చెయ్యి నిండా పౌడరాయె. ఇంకేముంది, పిడి సర్రున జారి బుడుంగున మునిగింది.

ముగ్గురూ తపేలాలోకి చూశారు. చాలాసేపు చూశారు.

"నాన్నా," అన్నాడు సత్తిపండు, "హైమ ఏమంది? పిడికి తడి తగలకూడదంది. ఇప్పుడు తడి వచ్చి పిడికి తగల్లేదుగా. పిడే వెళ్ళి తడికి తగిలింది."

గవరయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "నా కొడుకువిరా నువ్వు!"

పిడి తీసి తుడిచారు. ఇక చిల్లులు చూడాలి. సత్తిపండు దాన్ని పైకెత్తి ఒక కన్ను మూశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"అమ్మోయ్! ఒక్క చిల్లూ లేదే!"

"పొద్దున్న నేను చూశానురా, నిండా ఉన్నాయి!"

"ఆ తెల్లపొడి తినేసుంటుంది" అన్నాడు గవరయ్య. "పదండి, వెలుతురున్న చోటికి!"

ముగ్గురూ పిడి పట్టుకుని హైవే మీదికి పరిగెత్తారు. గవరయ్య నడిరోడ్డున నిలబడి పిడి ఎత్తిపట్టుకున్నాడు. కొబ్బరికాయల లారీ ఒకటి కీచుమంటూ వచ్చి, ఆయన బొజ్జకి జానెడు దూరంలో ఆగింది.

"ఏంటి బాబాయ్, ముందు యాక్సిడెంటా?" అన్నాడు డ్రైవరు దిగి.

"లైట్లు ఆర్పకు బాబూ! అబ్బాయ్, చూడరా!"

"ఉన్నాయి నాన్నా! అన్ని చిల్లులూ తిరిగొచ్చేశాయి!"

సూరీడమ్మ డ్రైవరుకి దణ్ణం పెట్టింది. వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. డ్రైవరు జాలిపడి, "మీరు ముగ్గురూ కంగారుగా ఉన్నారు. ఫ్లాస్కులో కాఫీ ఉంది, తలో గుక్క తాగండి" అన్నాడు.

"వద్దు బాబూ! మళ్ళీ కడగాలి!" అని ముగ్గురూ ఇంటికి పరుగో పరుగు.

ఆదివారం పొద్దున్న ఆటో దిగారు వీర్రాజుగారు, హైమ. ఆయన చెప్పులు విప్పి, గడప ముందు ఆగి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచారు.

"ఆగండి బావగారూ!" అంటూ గవరయ్య, సత్తిపండు కుర్చీతో ఎదురొచ్చారు. "గడప తొక్కనన్నారు. మీ మాట మేం పోనిస్తామా?" అంతే, ఆయన్ని కుర్చీలో కూలేసి, ఎత్తి, గడప మీదుగా లోపలికి దించారు. మావిడాకుల తోరణం ఆయన మెళ్ళో పడింది.

హైమ కళ్ళు మూసుకుంది. వీర్రాజుగారు కాసేపు ఊపిరి తీసుకుని, కండువా సర్దుకుని, "మూడురోజులుగా నిద్ర లేదమ్మాయ్, అన్న మాట ఎలా తప్పడమా అని. బావగారు ఆ అవసరం లేకుండా చేశారు" అన్నారు మెల్లిగా.

హైమ కళ్ళు తెరిచింది. అంతలో సూరీడమ్మ కప్పు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఊది ఒక గుక్క తాగారు. కళ్ళజోడు తుడుచుకుని కప్పులోకి చూశారు.

"ఇవి వేడినీళ్ళు కదూ?"

"అవునన్నయ్యగారూ. మొదటిది పొడి వెయ్యకుండా ఉత్త నీళ్ళు దింపమంది హైమ. మొదటి కప్పు మీకే ఇమ్మంది."

వీర్రాజుగారి మొహం ఎర్రజెండా అయింది. దిగ్గున లేచి గుమ్మం దాకా నడిచారు. చెప్పులు అవతల ఉన్నాయి. మధ్యలో గడప ఉంది. తొక్కనన్నారు కదా.

"నన్ను బయటికి ఎత్తండి!"

"రెండో కప్పు అయ్యాక ఎత్తుతాం బావగారూ. అబ్బాయి చేతుల నొప్పులింకా తగ్గలేదు" అన్నాడు గవరయ్య.

చేసేదేముంది, ఆయన వచ్చి కూర్చున్నారు. ఈసారి హైమే వంటింట్లోకి పరిగెత్తి, పొడి నొక్కి పిడి బిగించింది. కాఫీ తేనెలా దిగింది. వీర్రాజుగారు ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క. కప్పు ఖాళీ అయ్యాక, "సర్వీసులో ఎన్నో స్టేషన్లలో తాగానమ్మా. ఎక్కడా ఇంత శుభ్రమైన రుచి లేదు. ఏం చేశారు చెల్లెమ్మా?" అన్నారు.

"ఏముందన్నయ్యగారూ, ఊళ్ళో అందరూ తాగిన కాఫీలకి మేం కడిగాం."

ఆయనకి అర్థం కాలేదు గానీ నవ్వొచ్చింది. "అయితే ఇంకొక్క చుక్క..."

సూరీడమ్మ డ్రాపరు కోసం లేచింది. హైమ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనే నిండు కప్పు తెచ్చింది.

మధ్యాహ్నం భోజనం చేశారు, కునుకు తీశారు, సాయంత్రం రైలుకి బయల్దేరారు. కుర్చీ తెస్తున్న సత్తిపండుని వారించి, వీర్రాజుగారు కుడికాలు గడప మీద గట్టిగా మోపారు. "ఇదిగో, తొక్కాను! నా ఎర్రజెండా దించేశాను. నిజం చెప్పాలంటే బావగారూ, రోజూ ఈ గడప తొక్కాలనుంది. ఏం చేస్తాం, ఊరు దూరమాయె."

గవరయ్య, సత్తిపండు మొహామొహాలు చూసుకున్నారు.

హైమ స్టేషనులో నాన్నని రైలెక్కించింది. రైలు కదులుతుండగా తండ్రీకొడుకులు రొప్పుకుంటూ వచ్చి, గోనెసంచి చుట్టిన పొడుగాటి బరువొకటి పెట్టెలోకి తోసేశారు. "మీకే బావగారూ!"

హైమ ఇంటికొచ్చేసరికి గుమ్మం కింద మూరెడు గొయ్యి, పక్కన ఉలీ సుత్తీ. సూరీడమ్మ గొయ్యి అవతల కూర్చుని మురిసిపోతోంది. "ఇంక దూరమన్న బెంగ లేదమ్మా. మీ నాన్న రోజూ మన గడపే తొక్కుతారు."

అన్నవరం దాటాక వీర్రాజుగారు గోనె విప్పారు. పసుపు రాసి బొట్లు పెట్టిన టేకు గడప. దానికి దారంతో కట్టిన చీటీ మీద సత్తిపండు రాత: "మావయ్యగారూ, తొక్కిన ప్రతిసారీ వెంటనే కడగండి. శనివారం అరగంట నానబెట్టండి. దీనికి పిడి లేదు, తడి తగిలినా భయం లేదు. చిల్లులు మాత్రం మీరే పెట్టుకోవాలి, మాకు టైము చాల్లేదు."