పైడమ్మ మిగిల్చిన గడియ

అనగా అనగా, రాజుల చెవులు పొగడ్తలకే పనిచేసే కాలంలో, జయకేసరి అనే రాజు ఉండేవాడు. ఏడాదికొక్క రోజు ఊరికొకరి చొప్పున మొర వినేవాడు. దానికొక పద్ధతి. అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో వదిలేవారు. అది మునిగేలోగా మొర చెప్పాలి, రాజు జవాబూ ఆలోపే రావాలి. గిన్నె మునిగితే గంట మోగేది. మళ్ళీ ఏడాది దాకా ఆ ఊరి మాట ఎత్తడానికి వీల్లేదు.

ఆ రాజ్యంలో మట్టిపాడు అనే కుమ్మరి పల్లె ఉంది. ఊరంతటికీ ఒకటే బంకమన్ను గుంట. రాజుగారి దండనాయకుడు తన గుర్రాల మేతకని, గట్టు మీది గడ్డితో సహా దాని చుట్టూ కంచె వేయించాడు. గతిలేక పొలం మన్నుతో చేస్తే కుండలన్నీ కారిపోయేవి. కొనేవాడు లేడు. ఇద్దరు పిల్లలకు గంజి కాయడమే గగనమైపోయిన కుమ్మరి పైడమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మొదటి ఏడు ఊరివాళ్ళు పండితుడైన అవధానిగారిని పంపారు. పైడమ్మ వెళ్ళి గుంపులో నిలబడింది. ఆయన రాజుగారి వంశాన్ని పొగిడాడు, కిరీటాన్ని పొగిడాడు, చివరికి చెప్పులనూ వదల్లేదు. "ఇక మా మన్ను సంగతి" అనేసరికి గంట మోగింది.

రెండో ఏడు కరణంగారు వెళ్ళారు, వెంట పైడమ్మ కూడా. గుంట తవ్విన ముత్తాత మొదలు తాత పెళ్ళి, తండ్రి జబ్బు, వరదలు, కరువులు అన్నీ తాటాకుల్లోంచి చదివారు. తల ఒక్కసారీ ఎత్తలేదు. సభలో సగంమంది కునుకు తీశారు. దండనాయకుడు మీసం దువ్వుకున్నాడు. మళ్ళీ గంట.

"బ్రహ్మాండంగా చెప్పానే" అన్నారు కరణంగారు దారిలో.

పైడమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఏం చెప్పారండీ? కంచె తీయించమని ఒక్క ముక్క అన్నారా? వచ్చే ఏడు నేనెళ్తాను."

"నీకు సభలో మాట్లాడడం వచ్చా?"

"రాదు. నేర్చుకుంటాను."

గిన్నె మునగడానికి ఎన్ని ఊపిరులు పడతాయో ఆమె రెండేళ్ళూ లెక్కపెట్టింది. ఇంటికొచ్చి అంతే సేపు తేలే మట్టి గిన్నె చేసుకుంది. మొదటిరోజు దాన్ని నీళ్ళలో వదిలి దండనాయకుణ్ణి తిట్టింది. గిన్నె మునిగిపోయింది. రెండోరోజు రాజును తిట్టింది. మునిగిపోయింది. మూడోరోజు కూర్చుని ఏడ్చింది. తిట్లు తనకు చల్లగానే ఉన్నాయి గానీ, పిల్లల కడుపు నింపవు. ఆ రోజు నుంచి ఒక్కొక్క తిట్టే తీసేసింది. పొరుగావిడ ముందు చెప్పి, "ఏం అర్థమైందొదినా?" అని అడిగేది. అర్థం కాని చోట మళ్ళీ దిద్దుకునేది.

మూడో ఏడు రెండు కుండలతో సభకు వెళ్ళింది. గిన్నె నీళ్ళలో వదిలారు.

"మహారాజా, మాది మట్టిపాడు. ఇది మా గుంట మన్నుతో చేసిన కుండ. ఇది ఇప్పుడు మాకు దొరికే మన్నుతో చేసింది." రెండింటిలోనూ నీళ్ళు పోసింది. మొదటిది చుక్క కారలేదు. రెండోది బొటబొటా కారి రత్నకంబళిని తడిపేసింది. "ఇలాంటివి ఎవరూ కొనరు. మా పిల్లలు పస్తులుంటున్నారు. మా గుంట చుట్టూ మీ దండనాయకుడు కంచె వేశాడు. తీయిస్తారా, తీయించరా?"

అని ఆగిపోయింది. గిన్నె ఇంకా సగానికి పైగా తేలే ఉంది.

దండనాయకుడు ముందుకొచ్చాడు. "ప్రభూ, ఈ గుంట పూర్వోత్తరాలు కొంచెం మనవి చేస్తాను..."

అరవాలనిపించింది పైడమ్మకు. పళ్ళు బిగబట్టి, "అయ్యా, ఈ గడియ మా ఊరిది. మిగిలింది రాజుగారికి ఇచ్చాను, మీకు కాదు" అంది.

అతగాడు వెనక్కి తగ్గాడు. ఇన్నేళ్ళుగా గంట చాటున తప్పించుకున్న రాజు గంట వైపు చూశాడు. అది మోగలేదు. సభంతా తనవైపే చూస్తోంది. చెమట తుడుచుకుని, "తీయిస్తాను" అన్నాడు.

పైడమ్మ దండం పెట్టలేదు. మూడేళ్ళు పస్తులు పెట్టినవాడికి దండమెందుకు? ఆ సాయంత్రమే ఊరంతా కలిసి కంచె పీకేశారు.

కనుక పిల్లలూ, నోరు విప్పే ముందే ఏం అడగాలో తేల్చుకోండి. అడిగాక నోరు అదుపులో పెట్టుకుని జవాబు రాబట్టండి.