ఆరో బాణం

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు బోర్డులోంచి బాణాలు పీక్కొచ్చిన ప్రతిసారీ ఒక్కోదాన్నీ రెండు కొసలా పట్టుకుని, మొహానికి దూరంగా పెట్టి, కొంచెం వంచమంటారు. వంచి, చుట్టూ తిప్పి, మళ్లీ వంచమంటారు. కార్బన్ బాణం పైకి నున్నగానే కనిపిస్తుంది. లోపల పగులుంటే మాత్రం, వంచినప్పుడు చిటుక్కుమంటుంది. మాస్టారికి డెబ్బై దాటాయి, ఆ చప్పుడు ఆయన చెవికి ఆనదు. అందుకని వంచినవాళ్లనే అడుగుతారు, "ఏమైనా వినబడిందా?" అని. లేదని వాళ్లంటే, చొక్కా జేబులోంచి దూదిపింజ తీసి బాణం పొడుగునా ఒకసారి రాస్తారు. ఎక్కడైనా దూదిపోగు తగులుకుందంటే అక్కడ పేడు లేచిందన్నమాట. ఇక ఆ బాణానికి నూకలు చెల్లినట్టే. దాన్ని వేసినవాళ్లే గోనెసంచిలో చుట్టి, బూటుకాలి కింద పెట్టి విరగ్గొట్టాలి. ఎవరైనా ఏరుకుని మళ్లీ ఎక్కుపెట్టకుండా ఆయన పెట్టిన నియమం అది.

నూజివీడు శివార్లలో ఒక మామిడితోటకి ఓ వార చెట్లు కొట్టించి చదును చేసిన నేలే వాళ్ల మైదానం. అక్కడ తొమ్మిదేళ్లుగా బాణాలు వేస్తున్న కస్తూరికి ఈ తతంగం చూస్తే ఒళ్లు మండిపోయేది. రోజుకి నూటయాభై బాణాలు వేస్తుందామె. అంటే నూటయాభై సార్లు వంచడం, నూటయాభై సార్లు తిప్పడం, నూటయాభై సార్లు "లేదు మాస్టారూ" అనడం. పెళ్లిచూపుల్లో పిల్లనైనా ఇన్నిసార్లు తిప్పి చూడరు కదా అని తోటివాళ్లతో అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. మాస్టారు కూడా ఒకసారి విని, నవ్వి, మర్నాడు యథాప్రకారం దూది తీశారు.

ఆ యేడు మాత్రం కస్తూరికి నవ్వులాటగా లేదు. ఆదివారం బెజవాడలో రాష్ట్ర జట్టుకి సెలక్షన్లు. కిందటి రెండేళ్లూ ఒక్కో పాయింటు తేడాతో పోయింది. రెండుసార్లూ ఆ చోటు ఏలూరు అనసూయ తన్నుకుపోయింది. ఈసారి కస్తూరి గురి బాగా కుదిరింది. చిక్కంతా అక్కడే వచ్చింది. బాణాలన్నీ నడిబొట్టులోకే వెళ్తుంటే ఒకదాన్నొకటి రాసుకుంటాయి, గుద్దుకుంటాయి. వేసవిలో పన్నెండు బాణాలతో మొదలుపెట్టిన మనిషికి ఆరు మిగిలాయి. తక్కిన ఆరూ గోనెసంచిలోకే పోయాయి. ఢిల్లీ నుంచి కొత్తవి రావడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది. పోటీలో ఒక్కో వంతుకి ఆరు బాణాలు వెయ్యాలి. ఇంకొక్కటి పోయిందంటే ఏడాది పడ్డ పాటంతా నీళ్లపాలు.

"నీ గురి బాగుపడింది గనకే చూసుకోమంటున్నాను," అనేవారు మాస్టారు. "గోడకొకటి, గుమ్మానికొకటి కొట్టినన్నాళ్లూ నీ బాణానికి నీ బాణం తగల్లేదు."

ఈ మెచ్చుకోలు వింటే ఆమెకి ఇంకా మండేది. అనసూయని ఒక బాణం అడిగితే ఇవ్వకపోదు. ఇద్దరి చేతుల పొడుగూ ఒకటే, విళ్ల బిగువూ ఒకటే, బాణాలు తెప్పించిన చోటూ ఒకటే. కానీ రెండేళ్లుగా తన చోటు తన్నుకుపోయినదాని దగ్గర చెయ్యి చాపడమా? ఆ మాట అనుకోవడానికే ఆమెకి సిగ్గేసింది.

శుక్రవారం మధ్యాహ్నం, మాస్టారు నాలుగో బాణానికి దూది రాస్తూ, ఉన్నట్టుండి ఆగి, రాసిన చోటే మళ్లీ రాశారు. దూది ఎక్కడా తగలలేదు. కానీ ఆ రెండోసారితో కస్తూరి ఓర్పు కాస్తా తెగిపోయింది.

"మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తొమ్మిదేళ్లయింది. ఇంకా నా మాట మీద మీకు నమ్మకం లేదా? ఎన్నాళ్లు నేర్చుకుంటే నమ్ముతారో చెప్పండి, అన్నాళ్లూ నేర్చుకుంటాను!"

మాస్టారు ఆమెకేసి చూశారు. ఆయనకి కోపం రాలేదు, నొచ్చుకున్నట్టూ లేదు. బాణాన్ని ఆమె చేతికిచ్చి, "కానివ్వు, ఇంకో ఆరు వేసిరా," అన్నారంతే.

ఆ జవాబుకి ఆమెకి తిక్కరేగింది. అదే తిక్కతో ఆరు బాణాలూ వేసింది. విచిత్రమేమిటంటే ఆ వారమంతటిలో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. అయిదూ నడిబొట్టులో గుత్తిగా దిగాయి. చివరిది దిగేటప్పుడు ఒకదాని పక్కని రాసుకుంటూ వెళ్లిన చప్పుడు, డెబ్బై మీటర్ల దూరం నుంచి కూడా, సన్నగా వినబడింది.

పీకి చూసుకుంది. తెల్లరంగుతో ఆరు అని రాసుకున్న బాణం మీద, నడిమికి కొంచెం ఇవతల, గోటితో గీసినంత గీత. గీతదేముంది, ఎన్ని లేవు అనుకుంది. మాస్టారి ముందు నించుని ఒక్కోటీ వంచింది. అయిదు పలకలేదు. ఆరోది వంచింది, అదీ పలకలేదు. చుట్టూ తిప్పి మళ్లీ వంచింది.

చిటుక్కుమంది.

పెద్ద చప్పుడేమీ కాదు. పోపు దించేశాక చివరి ఆవగింజ ఒకటి పేలినంత. తోక దగ్గరి ప్లాస్టిక్ ముక్క కదిలి ఉంటుందిలే అనుకుంది. తోటలో చిలకలు పిందెలు కొరికి పడేస్తున్నాయి, అదేనేమో అని కూడా అనుకుంది. ఒక్క చప్పుడుకి రెండు సాకులు వెతుక్కున్నప్పుడే మనిషికి అనుమానం రావాలి. కస్తూరికి వచ్చింది కూడా. వచ్చినదాన్ని అదిలించేసింది.

"ఏమైనా వినబడిందా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ."

మాస్టారి చెయ్యి జేబు దాకా వెళ్లింది. ఒక క్షణం అక్కడే ఉండి, ఖాళీగానే వెనక్కి వచ్చింది.

"సరే," అన్నారు. "ఇలా తే. భుజం నొప్పి వచ్చాక విల్లు ముట్టుకోనే లేదు. ఇవాళ ఒకటి నేను వేస్తాను."

ఆమె ఏమీ అనేలోపలే స్టాండు మీదున్న ఆమె విల్లు తీసుకున్నారు. ఆమె చేతిలోంచి ఆరో బాణమే అందుకున్నారు. బాణాలు వేసే గీత దగ్గరికి వెళ్లి కాళ్లు సర్దుకుని, బాణం వెనక గాడిలోకి నారి దూర్చారు. ఎడంచెయ్యి చాచారు.

కస్తూరికి ఆ ఎడంచెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు. చర్మం వదులై, నరాలు తేలి, మణికట్టు దగ్గర కొంచెం వణుకుతున్న చెయ్యి. తొమ్మిదేళ్ల కిందట ఆమెకి విల్లు పట్టుకోవడం చూపించిన చెయ్యి అదే. దాని మీంచి, వేలెడు ఎత్తున, ఆ నల్లటి బాణం వెనక్కి జరుగుతోంది. మొదటిరోజున ఆయన చెప్పినదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. పగిలిన బాణం నారి తోపుకి తట్టుకోదు. వదిలిన క్షణంలోనే చీలికలై విల్లు పట్టుకున్న చేతిలో దిగబడుతుంది. ఆ పేళ్లు సూదుల్లా ఉంటాయి, ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనబడవు, డాక్టరు మాంసంలో తడిమి తడిమి వెతకాలి. వందసార్లు విన్న మాటలే. వందసార్లూ అబ్బా, మళ్లీ మొదలెట్టారు అనుకుంది. నారి ఆయన గడ్డం దాకా వచ్చింది.

"ఆగండి! వదలొద్దు! వదలొద్దు మాస్టారూ!"

ఆ అరుపుకి తోటలో చిలకలన్నీ గుప్పున లేచిపోయాయి. మాస్టారు వదల్లేదు. నారిని మెల్లిగా, చాలా మెల్లిగా ముందుకి రానిచ్చి, బాణాన్ని తీసి, ఆమెకి అందించారు. ఎందుకు ఆగమన్నావని అడగలేదు.

"వినబడింది," అంది కస్తూరి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిగ్గుతోనా, భయంతోనా, ఆయన మీద కోపంతోనా, ఆమెకే తెలియలేదు. "రెండోసారి వంచినప్పుడు. నాకు వినబడింది." కళ్లు తుడుచుకుని, "మీకు ముందే తెలుసా? తెలిసే ఎక్కుపెట్టారా?" అంది.

"నా చెవుల సంగతి నీకు తెలుసుగా," అన్నారాయన. "నువ్వు లేదన్నావు. సరేననుకున్నాను."

ఆయన వెళ్లి గోనెసంచి తెచ్చి ఆమె ముందు పెట్టారు. కస్తూరి బాణాన్ని చుట్టి, బూటుకాలి కింద పెట్టి తొక్కింది. గట్టి బాణమైతే ఒంటికాలి మీద లేచినా ఓ పట్టాన విరగదు. ఇది పాదం ఆనీ ఆనకముందే పొడుగునా చీలిపోయింది. సంచి విప్పి చూస్తే నల్లటి పేళ్లు సంచి నేతలోంచి బెత్తెడు పొడుచుకొచ్చి ఉన్నాయి.

ఆమె ఆ పేళ్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత ఫోను తీసి, పక్కకైనా వెళ్లకుండా, మాస్టారి ముందే నించుని మాట్లాడింది.

"అనసూయా, నేను, నూజివీడు కస్తూరిని. నాకు అయిదే మిగిలాయి. ఒక్క బాణం ఇస్తావా?"

"ఒక్కటి సరిపోతుందా? రెండు తెస్తాలే. నీ అంతట నువ్వు వంచి చూసుకో, మళ్లీ నన్ననకు," అంది అనసూయ. మనిషి పెళుసుగానే మాట్లాడుతుంది ఎప్పుడూ.

సామాన్లు సర్దుకుని, విల్లు సంచిలో పెట్టి, ఇంటికి బయల్దేరబోతూ కస్తూరి ఆగిపోయింది. పొద్దున్నించీ ఉన్న విసుగంతా ఎటు పోయిందో గానీ, దాని చోట ఇంకో బెంగ వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, ఆదివారం మిమ్మల్ని గీత దాకా రానివ్వరు. నేనొక్కదాన్నే ఉంటాను. ఇవాళ నేనేం చేశానో చూశారుగా. అక్కడ నా బాణాలు ఎవరు వింటారు?"

మాస్టారు గోనెసంచి మూతి తాడుతో బిగించి కడుతున్నారు. ముడి వేసి, గట్టిగా లాగి చూసి, అప్పుడు తలెత్తారు.

"ఇందాక నా కోసం అరిచిందే, ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్లు," అన్నారు.