ఈ గట్టు బిళ్ళ, ఆ గట్టు ముద్ర

పొద్దున్నే వాన. కృష్ణ ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది.

అప్పట్లో ఏటికి ఈ గట్టున నైజాము, ఆ గట్టున ఇంగ్లీషువాళ్ళు. ఎవరి టపా వారిది, ఎవరి బిళ్ళలు వారివి. ఈ గట్టు బిళ్ళ అంటించిన కవరు పొరపాటున ఆ గట్టు టపా కచేరీలో పడి, అక్కడి ముద్ర కొట్టించుకుని వస్తే, అలాంటి కవరంటే రాజా చెన్నభూపాలుడికి ప్రాణం. గంధపు పెట్టెలో దాచుకునేవాడు. ఎవరూ పొరపాటు చేయనప్పుడు మనిషిని పంపి మరీ పొరపాటు చేయించేవాడు.

వాటి మంచిచెడ్డలు తేల్చేది అనంతశయనం పంతులు. చేతిలో ఎప్పుడూ భూతద్దం, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట.

"ముద్ర పడ్డ తీరు తెలిసిన కళ్ళు ఈ సంస్థానంలో రెండే ఉన్నాయి. రెండూ నావే."

నిన్న కవరు కోసం ఏట్లో తోలు పుట్టి వేసుకుని వెళ్ళింది గురవయ్య, అతని ఇద్దరు కొడుకులు. గురవయ్య పెళ్ళాం తిరుపాలమ్మ కొలువులో తాంబూలాలు చుడుతుంది. నడి ఏట్లో పుట్టి గిరగిరా తిరిగిందని ఇంటికొచ్చాక చిన్నాడు చెప్పబోతే, గురవయ్య వాణ్ణి కాలితో తట్టాడు. తిరుపాలమ్మ ఆ రాత్రి పడుకోలేదు.

ఇవాళ కొలువులో పంతులు ఆ కవరును అద్దం కింద పెట్టి పెదవి విరిచాడు.

"ముద్ర సగం బిళ్ళ మీద, సగం కవరు మీద పడాలి ప్రభూ. ఇది మూలకి జారింది. మోటువాళ్ళు తెచ్చే సరుకు ఇలాగే ఉంటుంది. మళ్ళీ పంపండి."

"ఏరు అలా ఉందే" అన్నాడు రాజు.

"ఏరెక్కడ ప్రభూ, మోకాటి లోతు. పుట్టివాళ్ళకి బద్ధకం."

రాజుకి కవరు మీద ఆశ. సరే అన్నాడు. కాసేపటికి కింద రేవులో ముగ్గురూ పుట్టిని నీళ్ళకేసి లాగడం తిరుపాలమ్మకి కిటికీలోంచి కనబడింది. ఆకుకి సున్నం ఎక్కువ పడింది. ఆ మడుపును పంతులుకే ఇచ్చింది.

"దొరా, ఒక్క మనవి."

"చెప్పు తిరుపాలమ్మా."

"మావాళ్ళకి ముద్ర సంగతేం తెలుసు. మళ్ళీ వంకరదే తెస్తారు, పంతులుగారు మళ్ళీ కాదంటారు. దసరా దాకా ఇదే తంతు. ఆ కళ్ళేవో ఆ గట్టుకి వెళితే ఒక్క విడతలో తేలిపోతుంది గదా."

"ఏ కళ్ళు?" అన్నాడు పంతులు నములుతూ.

"మీవే బాబూ. ఉన్నవి ఆ రెండేగా."

"నన్ను ఏరు దాటమంటావా?"

"అబ్బే, కళ్ళు చాలు బాబూ. అవి విడిగా రావు గనక, మిగతా మీరు వాటికి తోడు వెళ్ళాలి."

రాజు మీసం కదిలింది. "సబబే. పంతులుగారూ, మోకాటి లోతేగా. పుట్టెక్కండి."

పంతులు కిటికీలోంచి చూశాడు. ఎవరిదో పూరింటి కప్పు ఏట్లో తేలుకుంటూ పోతోంది. దాని మీద ఒక కోడి.

సున్నానికో, ఏటికో, పంతులు నోరు మండిపోయింది. గబగబా అద్దం తీసి కవరును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇందాక వెలుతురు చాల్లేదు ప్రభూ. ముద్ర దివ్యంగా పడింది. సరిగ్గా సగం సగం."

"మూలకి జారిందన్నారుగా?"

"మళ్ళీ వచ్చేసింది ప్రభూ."

కొలువంతా ఘొల్లుమంది. రాజు కళ్ళు తుడుచుకుంటూ పుట్టిని ఆపమని రేవుకి మనిషిని పరిగెత్తించి, "ఏం కావాలో కోరుకో తిరుపాలమ్మా" అన్నాడు.

"నీళ్ళు తగ్గేదాకా ఆ పెట్టెకి తాళం వేయించండి దొరా."

తాళం వేయించి, చెవి ఆమె కొంగుకే ముడి వేయించాడు.

మధ్యాహ్నం ఇంట్లో విస్తళ్ళు వేసింది. గురవయ్య ఒకటి. పెద్దాడు రెండు. చిన్నాడు మూడు.

"ఏంటే, మమ్మల్ని లెక్కపెడుతున్నావా?" అన్నాడు గురవయ్య.

"లేదు" అంది తిరుపాలమ్మ. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.