కొంగలమడుగులో రాజుగారి గాలం

అనగనగా, అటు కొండలు, ఇటు ఏరు ఉన్న విరిగిరి అనే చిన్న రాజ్యం. దాన్ని చిత్రరథుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. తగవు తీర్చమని ఎవరొచ్చినా ఓపిగ్గా వినేవాడు. కానీ ఆయనకు రెండు సరదాలుండేవి. ఒకటి అడవిలో వేట, రెండోది కొంగలమడుగులో గాలం వేయడం. ఆ రెండిటి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపికంతా ఎటు పోయేదో!

వేటసామాను కోసం కోటలో ఒక గదే కట్టించాడాయన. అందులో దంతపు పిడి విల్లులు, ఈకలు కట్టిన బాణాలు, వెండి గాలాలు, పట్టుతాళ్లు, నెమలి ఈక కాడతో చేసిన, నీళ్ల మీద తేలే బెండులు వరసగా ఉండేవి. ఎరకు తెచ్చే వానపాముల కోసం గంధపు చెక్కతో డబ్బీ కూడా చేయించాడు. పాపం, ఆ వానపాములకు అంత వైభోగం ఎందుకో ఆయనకే తెలియాలి.

ఇంత సామాను ఉండీ ఏం లాభం? యువరాజుగా ఉన్నప్పుడు వెదురుపుల్లతో బుట్టెడు చేపలు పట్టుకొచ్చినవాడే. పట్టాభిషేకం జరిగి పదకొండేళ్లయింది. ఆనాటి నుంచి ఒక్క జింక చిక్కలేదు, ఒక్క చేప పడలేదు.

"సామాను చేసేవాళ్లకి పని రాదు!" అని రాజుకు కోపం వచ్చింది. మొదట విల్లు చేసిన ఓబయ్యను ఏరు దాటించి వెళ్లగొట్టాడు. తరువాత గాలాలు కాచిన కమ్మరి సింగన్నను వెళ్లగొట్టాడు. ముచ్చటగా మూడోసారి, గాలపు కర్ర చేసిన మేదరి అంకమ్మ వంతు వచ్చింది.

అంకమ్మ గంపలూ చేటలూ అల్లుకుని బతికే మనిషి. ఇంట్లో ఆమె, పురిటికి వచ్చిన కూతురు ముత్యాలు, అంతే. ముత్యాలుకు నెలలు నిండాయి. ఏరు దాటితే ఊరు లేదు, మంత్రసాని లేదు, అంతా అడవే.

"మూడు రోజులు గడువిస్తున్నాను," అన్నాడు రాజు. "మూడో రోజు పొద్దు నడినెత్తికి వచ్చేలోగా నీ కర్రతో నా చేతికి ఒక్క చేప పడాలి. పడలేదా, నువ్వూ నీ కూతురూ ఏరు దాటాల్సిందే."

అంకమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. ఏదైనా ఎందుకిలా అయిందో తెలుసుకోందే నిద్రపట్టదు.

"మారాజా, కర్ర విరిగిందా?" అని అడిగింది.

"లేదు."

"వంగి ఉండిపోయిందా?"

"లేదు."

"చేతిలోంచి జారిందా?"

"అదీ లేదు!"

"మరి కర్ర చేసిన తప్పేంటి మారాజా?"

రాజు మంత్రి వంక చూశాడు. "చేప పడలేదు కదా, అదే తప్పు," అన్నాడు మంత్రి.

మొదటి రోజు అంకమ్మ ఆ కర్రనే అడిగి తీసుకుని ఒక్కతే మడుగుకు వెళ్లింది. రాజు నిలబడే బండ మీదే కూర్చుంది. రాజు వాడే గాలానికే వానపామును గుచ్చి వేసింది. కాసేపటికే రెండు పరిగెలు, ఒక బొచ్చె పడ్డాయి. సంతోషంగా కోటకు పట్టుకెళ్లి చూపించింది.

"నీకు పడితే మాకేం లాభం? ప్రభువుకు పడాలి," అన్నాడు మంత్రి.

ఆ మాటా నిజమే. అంకమ్మ చేపలు ఇంటికి తెచ్చి కూతురికి పులుసు పెట్టింది. అది కలియబెడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. కర్ర అదే, గాలం అదే, బండ అదే, నీళ్లూ అవే. మరి తేడా ఎక్కడుంది?

రెండో రోజు రాజుతో పాటే మడుగుకు వెళ్లింది. ముందు భటులు, వెనక మంత్రి, పక్కన ముత్యాల కుచ్చుల తెల్లగొడుగు పట్టుకుని దానయ్య. గొడుగు ఒరగకుండా, రాజు మీద ఎండ పడకుండా పట్టడమే దానయ్య ఉద్యోగం.

చప్పుడుకు చేపలు బెదురుతున్నాయేమోనని అంకమ్మకు అనుమానం వచ్చింది. అందరినీ కిమ్మనకుండా ఉండమంది. బెండు కదల్లేదు. రాజు చేతి గంధం వాసనేమోనని ఒండ్రుమట్టితో చేతులు కడుక్కోమంది. బెండు కదల్లేదు. ఎర నచ్చలేదేమోనని పిండిముద్ద పెట్టించింది. ఊహూఁ, బెండు నీళ్లలో పాతేసినట్టు ఉండిపోయింది. రాజు మొహం మాడ్చుకుని కోటకు వెళ్లిపోయాడు.

అంకమ్మ మడుగు ఒడ్డునే కూలబడింది. అక్కడే మోకాలి లోతు నీళ్లలో ఒక ముసలి కొంగ నిలబడి ఉంది.

"ఏం కొంగమ్మా, నీకన్నా చిక్కాయా?" అంది.

"రాజుగారొచ్చిన రోజు నాకూ పస్తేనమ్మా," అంది కొంగ విసుగ్గా. "ఆయన రాగానే నీళ్ల మీద గుండ్రంగా ఒక మబ్బు వాలుతుంది. అంచులు అల్లల్లాడుతుంటాయి. గద్ద రెక్కలనుకుని చేపలన్నీ అడుక్కి పోతాయి."

"ఆకాశంలో ఒక్క మబ్బూ లేదే! ఎక్కణ్ణించి వస్తుందది?"

"అది నాకేం తెలుసు? నేను తలెత్తి చూడను. తలెత్తానా, ఉన్న చేప కాస్తా పోతుంది." అలా అనేసి కొంగ ఎగిరిపోయింది.

అంకమ్మ లేచి నిలబడింది. ఆమె వెంట తెచ్చుకున్న చేట ఒకటుంది. దాన్ని నెత్తికి అడ్డం పట్టుకుని నీళ్ల వైపు ఒక అడుగు వేసింది. చేట నీడ నీళ్ల మీద పడింది. అంతే, ఒడ్డున ఆడుతున్న పరిగెలన్నీ చెల్లాచెదరైపోయాయి. "గొడుగు!" అని గట్టిగా అనేసింది. అడవిలో జింకలు సైతం అంత తెల్లగొడుగును అల్లంత దూరం నుంచే చూస్తాయి కదా అనుకుంది. పట్టాభిషేకం నాటి నుంచే ఎందుకు ఏదీ చిక్కడం లేదో తెలిసిపోయింది. ఆమెకు నవ్వొచ్చింది. మరుక్షణంలోనే ఆ నవ్వు పోయింది.

ఎందుకంటే విరిగిరిలో ఒక కట్టుబాటుంది. బయటికొచ్చిన రాజుకు గొడుగు ఉండి తీరాలి. గొడుగు మడిచేది రాజు పోయిన రోజు, లేదా రాజ్యం పోయిన రోజు. గొడుగు తీయమంటే రాజ్యం పోవాలని కోరినట్టే. అలా అన్నవాడి నాలుక నోట్లో ఉండదు.

ఇంటికి పోతుంటే రేవులో దానయ్య కాళ్లు కడుక్కుంటూ కనిపించాడు.

"దానయ్యా, గొడుగు నీడ పడి చేపలు చెదిరిపోతున్నాయి. నీకు తెలుసా?"

"పదకొండేళ్లుగా చూస్తున్నా అక్కా," అన్నాడు దానయ్య మెల్లగా.

"మరి చెప్పవేం?"

"నన్ను గొడుగు పట్టమన్నారు. నీళ్లు చూడమన్నారా?"

"ఓబయ్య, సింగన్న పిల్లాపాపలతో ఏరు దాటుతుంటే అది కూడా చూశావుగా!"

దానయ్య మళ్లీ కాళ్లు కడుక్కోసాగాడు. అంకమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ రేపు తాను మాత్రం నోరు తెరవగలదో లేదో ఆమెకూ తెలియదు.

మూడో రోజు వచ్చింది. పొద్దు బారెడెక్కింది. రాజు గాలం వేశాడు. బెండు కదల్లేదు. అంకమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"మారాజా, చేపలు మీ కర్రకి భయపడటం లేదు. మీ గొడుగు నీడకి భయపడుతున్నాయి."

"రాజద్రోహం!" అని మంత్రి అరిచాడు. భటులు ఆమెను చుట్టుముట్టారు.

"గొడుగు మడవమన్లేదు బాబూ, మాట పూర్తి కానివ్వండి," అంది అంకమ్మ. "మారాజా, ఆ గొడుగు ఎవరికి?"

"రాజుకు," అన్నాడు రాజు కోపంగా.

"రాజుకు గుర్తేంటి?"

"ఈ కిరీటం."

"అయితే కిరీటాన్ని ఆ పీట మీద పెట్టించండి. దానికి గొడుగు పట్టమనండి. రాజ్యం నీడపట్టునే ఉంటుంది. మీరొక్క గడియ ఎండకు ఎదురుగా, మీ నీడ మీ వెనకే పడేలా కూర్చోండి."

రాజుకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ పదకొండేళ్లుగా తెలియనిది తెలుస్తుందేమోనన్న కుతూహలం కోపం కన్నా ముందొచ్చింది. కిరీటం తీసి పీట మీద పెట్టాడు. దాని కింద బట్టతల ఉందని విరిగిరి జనానికి ఆ రోజే తెలిసింది. భటులు నవ్వాపుకోలేక చచ్చారు.

రాజు అంకమ్మతో అవతలి ఒడ్డుకు వెళ్లి, ఎండకు ఎదురుగా గొంతుక్కూర్చుని గాలం వేశాడు. పొద్దు నడినెత్తికి ఇంకా మూరెడే ఉంది.

బెండు ఒకసారి వణికింది. రాజు లాగబోయాడు. "వద్దు దొరా, వాసన చూస్తోంది," అంది అంకమ్మ. బెండు రెండోసారి వణికింది. "వద్దు, రుచి చూస్తోంది." మూడోసారి బెండు మెల్లగా పక్కకు జరిగి, బుడుంగున మునిగింది.

"ఇప్పుడు లాగండి!"

మోచేతి పొడవు బొచ్చె ఒడ్డున పడి ఎగిరింది. దానితో పాటు రాజు కూడా ఎగిరాడు.

ఆ సంబరం కాస్త తగ్గాక రాజు ఇవతలి ఒడ్డుకు వచ్చి అటూ ఇటూ చూశాడు. "ఇది ఇంకెవరికైనా ముందే తెలుసా?" అని అడిగాడు.

పీట మీది గొడుగు గడగడ వణికింది. దానయ్య దాన్ని పక్కవాడి చేతికిచ్చి వచ్చి రాజు కాళ్ల మీద పడ్డాడు. "తెలుసు ప్రభూ. మొదట చెబుదామనే అనుకున్నాను. ఓబయ్యను పంపేశాక భయమేసింది."

రాజు మొహంలో నవ్వు పోయింది. "నువ్వు భయపడ్డావు. భయపెట్టింది నేను," అన్నాడు. చేపను అంకమ్మ గంపలో వేసి, ఆ బట్టతలతోనే పడవెక్కి ఏరు దాటాడు. సాయంత్రానికి ఓబయ్యనూ సింగన్ననూ పిల్లాపాపలతో సహా వెంటబెట్టుకుని వచ్చాడు.

అంకమ్మ ఇల్లు చేరేసరికి ముత్యాలు మూటలు కట్టి, వాటి మధ్య చెంబు పట్టుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"విప్పవే మూటలు," అంది అంకమ్మ. "చేప తెచ్చాను, ముందు చింతపండు నానెయ్యి."

కాబట్టి పిల్లలూ, చేసిన పని కలిసిరానప్పుడు పనిముట్టునూ దాన్ని చేసినవాళ్లనూ తిట్టే ముందు, మన నీడ ఎక్కడ పడుతోందో చూసుకోవాలి, అది చూసి చెప్పేవాళ్లను భయపెట్టకూడదు.