కరాళకంఠుడి రాళ్ళాట

అనగనగా ధవళసేనుడనే రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ ధైర్యం మెండు. పెద్దవాళ్ళిద్దరికీ మాత్రం చెప్పిన మాట చెవికెక్కదు. అబ్బబ్బ, వాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది!

ఏడు సముద్రాల అవతల కరాళకంఠుడనే మాంత్రికుడుండేవాడు. వాడు ఊరూరా చాటింపు వేయించాడు. "చుట్టూ రాళ్ళు పేర్చి ఎదుటివాడి రాళ్ళు తీసే గో అనే ఆటలో నన్ను ఓడించినవాడికి నా కూతురు కుందనికనిస్తాను. ఓడినవాడు నా పలక మీద రాయై పడి ఉంటాడు." ఆ ఆటపలకకి ఒక మూల ఆడేవాడి రాజ్యపు వాటా. ఎదుటి మూల మాంత్రికుడి ప్రాణమున్న చిలుక, దాని చుట్టూ వాడి తెల్లరాళ్ళు.

పెద్దవాడు బయలుదేరాడు. ఒక ముసలి తాబేలు వీపు మీద సముద్రాలు దాటించింది. దారంతా ఒకటే మాట చెప్పింది.

"నాయనా, ఆటలో ఒకే చోట ఒకరి రాయి ఒకరు మార్చి మార్చి తీసే 'కో' అని ఒక చిక్కొస్తుంది. వాడు నీ రాయి తీస్తాడు. వెంటనే నువ్వు అక్కడే వాడి రాయి తీయకూడదు. ముందు ఇంకోచోట ఒక రాయి పెట్టాలి. అది చూసి వాడు గుండెలు బాదుకోవాలి. వాడు అటు సర్దుకుంటుంటే నువ్విటు తీసుకో. చిన్న బెదిరింపుకి వాడు కదలడు. పెద్ద బెదిరింపుని ముందే పాడుచేసుకోకు."

"సరేలే" అన్నాడు పెద్దవాడు. విన్నాడా? వింటేగా! కో పడగానే, పోయి పోయి అంచున ఉన్న ఒక్క రాయిని బెదిరించాడు. "ఒక్క రాయేగా, పోతే పోనీ" అని మాంత్రికుడు, ఇక తిరిగి తీయడానికి లేకుండా, ఆ ఖాళీలో రాయి పెట్టి కో మూసేశాడు. పెద్దవాడు నల్లరాయైపోయాడు.

అన్నని విడిపించడానికి నడిమివాడు వెళ్ళాడు. తాబేలు మళ్ళీ అంతా చెప్పింది. "సరేలే" అన్నాడు. వీడు ఇంకా ఘనుడు! కూర్చోగానే, కో రాకముందే, చిలుక మూలని బెదిరించాడు. మాంత్రికుడు ఒక్క రాయితో ఆ మూల గట్టి చేసుకున్నాడు. తీరా కో వచ్చేసరికి బెదిరించడానికి ఏముంది? బూడిద! వాడూ రాయైపోయాడు.

చివరికి చిన్నవాడు మృదుసేనుడు వచ్చాడు. తాబేలుకి విసుగొచ్చేసింది. "నువ్వూ సరేలే అంటే నడిసముద్రంలో ముంచేస్తాను!"

"అనను తాతా. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అన్నాడు వాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మాంత్రికుడు అన్నలిద్దరినీ పలక మధ్యలో పెట్టి ఆట మొదలెట్టాడు. కో సరిగ్గా అక్కడే పడింది. గెలిస్తే అన్నలు మనుషులవుతారు, ఓడితే ముగ్గురూ రాళ్ళే. మాంత్రికుడు రాయి తీశాడు. చిన్నవాడు అప్పటిదాకా ముట్టుకోని చిలుక మూలలో టక్కున రాయి పెట్టాడు. చిలుక కెవ్వుమంది.

"అమ్మో, నా ప్రాణం!" అని మాంత్రికుడు ఆ మూల కాచుకున్నాడు. చిన్నవాడు ఇటు రాయి తీసుకున్నాడు.

ఇప్పుడు బెదిరించడం మాంత్రికుడి వంతు. రాజ్యపు మూలలో తెల్లరాయి పెట్టాడు. "కాపాడుకో అబ్బాయ్. లేకపోతే నీ వాటా నాది."

చిన్నవాడు రాయి చేతిలోకి తీసుకున్నాడు. వాటా పోతే జన్మలో రాజు కాలేడు. అటు చూశాడు, ఇటు చూశాడు, అన్నల వైపు చూశాడు.

"పోతే పోనీ" అని కో మూసేశాడు.

రాళ్ళు రెండూ ఒళ్ళు విరుచుకుంటూ లేచాయి. ఆట ఓడిన మాంత్రికుడు పళ్ళు కొరుక్కుంటూ వాటా తీసుకుని కూతురినిచ్చాడు. "అన్నల కోసం రాజ్యం వదిలినవాడు నన్నేం కష్టపెడతాడు?" అని కుందనిక సంతోషంగా తాబేలెక్కింది.

ఇంటికి రాగానే అన్నలిద్దరూ తండ్రి కాళ్ళ మీద పడ్డారు. "మా వాటాలు రెండూ తమ్ముడికివ్వండి నాన్నగారూ." పెళ్ళి ఏడు రోజులు జరిగింది. మృదుసేనుడు నూరేళ్ళు రాజ్యమేలాడు. చెప్పిందేదీ వినని ఆ మొండివాళ్ళు, ఆ ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పకుండానే చేశారర్రా!