నాలుగు గ్రాముల వెండి

ఇలా రా, దుప్పటి కప్పుకో. కాళ్ళు నా మీద వెయ్యకు, మోకాలు సలుపుతోంది. రాజకుమారి కథ కాదు ఈవేళ. నవ్వొచ్చే కథ కూడా కాదు. వింటానంటే చెప్తాను, మధ్యలో ఏడవకూడదు మరి.

అనగనగా ఓ ఊరు. ఆ ఊళ్ళో ఓ సందు. ఆ సందులో ఓ పెంకుటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. ఒకావిడ పేరు పేరిందేవి. ఇంకొకావిడ ఆమె అన్నగారి భార్య, మాణిక్యమ్మ. పేరిందేవి మొగుడు చిన్నప్పుడే పోతే అన్న దగ్గరికి వచ్చేసింది. ఆ తర్వాత అన్న కూడా పోయాడు. అప్పుడు వదినా ఆడపడుచూ ఒకరికొకరు మిగిలారు. ఇద్దరూ కలిసి అప్పడాలు ఒత్తేవాళ్ళు. ఒకరు పిండి దంచితే ఒకరు ఒత్తేవాళ్ళు, ఒకరికి జ్వరమొస్తే ఒకరు గంజి కాచేవాళ్ళు. తోడబుట్టినవాళ్ళు కూడా అలా ఉండరనుకో.

ఆ ఇంటి దేవుడి గూట్లో ఓ చిన్న ఇత్తడి గిన్నె ఉండేది. అందులో తొమ్మిది పాతకాలం వెండి రూపాయలు. రాజుగారి తలకాయ బొమ్మ ఉంటుందే, అవి. పేరిందేవి వాళ్ళమ్మ పోయేముందు కోడల్ని పిలిచి, "ఇవి నా కూతురివి మాణిక్యం, అది అడిగేదాకా పూజలో ఉంచు" అని చేతిలో పెట్టింది.

మాణిక్యమ్మ అలాగే ఉంచింది. ప్రతి శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, ఆ తొమ్మిదింటినీ విభూతితో తోమేది. ఒక్కోదాన్నీ అటు తిప్పి ఇటు తిప్పి తళతళలాడేలా తోమి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టేది. తన సొంత పట్టీలు నల్లబడి మూల పడున్నా పట్టించుకునేది కాదు. పరాయి సొత్తు కదా, మాసిపోతే మాటొస్తుందని భయం. అలా ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు.

ఒక ఏడు వానాకాలం ముందర ఇంటి కప్పు పాడైంది. పెంకులు పగిలాయి, వాసాలు పుచ్చాయి. వాన పడితే పొయ్యిలో నీళ్ళు. ఎండబెట్టిన అప్పడాలన్నీ ముద్ద. అప్పుడు పేరిందేవి, "వదినా, అమ్మ రూపాయలు అమ్మేద్దాం. ఇప్పుడు ఫోన్లోనే అమ్ముతున్నారట, పాతవాటికి మంచి ధర ఇస్తారట" అంది.

"నీవేగా తల్లీ, నీ ఇష్టం" అని మాణిక్యమ్మ గిన్నె తెచ్చి ఇచ్చింది.

పేరిందేవి ఫొటోలు తీసి ఫోన్లో పెట్టింది. ఎక్కడో దూరాన ఉన్న ఒకాయన, "అసలువేనా? పరీక్ష చేసి, తూకం చెప్పండి, తీసుకుంటాను" అని రాశాడు. నకిలీవి అంటగట్టిందన్న మాట తనకెందుకని ఆవిడ పరీక్షకు కూర్చుంది. ఎలా చెయ్యాలో కూడా ఫోనే చెప్పింది. ఫోనుకేం, అది అన్నీ చెప్తుంది.

మొదట అయస్కాంతం పెట్టి చూసింది. ఒక్కటీ అంటుకోలేదు. సంతోషించింది.

ఆ తర్వాత ఒక్కోటీ నాపరాయి మీద పడేసి చూసింది. ఖంగుమని మోగాయి. ఇంకా సంతోషించింది.

ఆ తర్వాత అప్పడాలు తూచే కాటా తెచ్చి తొమ్మిదీ కలిపి తూచింది. నూట ఐదు గ్రాములు ఉండాలని ఫోనంది. కాటా నూట ఒకటంది.

మళ్ళీ తూచింది. నూట ఒకటే. మూడోసారి కాటా తుడిచి తూచింది. అదే.

అప్పుడు బొమ్మల్ని పరకాయించి చూసింది. ఫోన్లో కనపడే రూపాయి మీద రాజుగారి గడ్డం వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. తన రూపాయల మీద ఆయనకి ముక్కే లేదు. చెవి ఉందో లేదో తెలీదు. ఇవి మా అమ్మవి కావు అనుకుంది. ఎవరో మార్చారు అనుకుంది. ఆ గూట్లో చెయ్యి పెట్టేది ఇంకెవరమ్మా, ఒక్క మనిషేగా.

చూశావా, కడుపులో అనుమానం పడితే ముప్పై ఏళ్ళ గంజి కూడా గుర్తురాదు.

మాణిక్యమ్మ వసారాలో అప్పడాలు ఒత్తుతోంది. పేరిందేవి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"వదినా, ఇవి మా అమ్మ ఇచ్చినవేనా?"

"అవే. ఎందుకడిగావు?"

"అన్నయ్య జబ్బు పడ్డప్పుడు డబ్బుకి ఇబ్బంది పడ్డావు కదా. అప్పుడేమైనా..."

మాణిక్యమ్మ చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. "లేదు" అంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు ఆ మహాతల్లి. మూడోది కూడా అడిగింది.

"మరి అసలువి ఎక్కడున్నాయి వదినా?"

మాణిక్యమ్మ ఒత్తుతున్న అప్పడం పూర్తి చేసి ఎండలో వేసింది. చేతులు కడుక్కుంది. కట్టుబట్టలతో బయల్దేరి పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోయింది. పేరిందేవి ఆపలేదు. వెళ్ళిపోయిందంటే తప్పు చేసినట్టేగా అనుకుంది.

మర్నాడు ఆ రూపాయలు మూటగట్టి కంసాలి వీరాచారి దగ్గరికి తీసుకెళ్ళింది. నకిలీవని ఆయన నోటితో చెప్పించాలని. ఆయన గీటురాయి మీద గీశాడు. గీత మీద మందు చుక్క వేశాడు. కళ్ళద్దం పెట్టుకుని అంచులు చూశాడు. చూసి తలెత్తాడు.

"ఇవి పూజలో ఉండేవా అమ్మా?"

"అవును."

"దేంతో తోమేవారు?"

"విభూతితో."

"ఎన్నాళ్ళనించీ?"

"ముప్పై ఏళ్ళు. ప్రతి శుక్రవారం."

వీరాచారి రూపాయలు మెల్లగా ఆవిడ ముందుకు జరిపాడు. "వెండి అసలుదేనమ్మా. రూపాయలూ అసలువే. అన్నేళ్ళు తోమితే రాయైనా అరుగుతుంది. ఆ నాలుగు గ్రాములూ ఎవరూ తియ్యలేదు. తోమిన నీళ్ళలో పోయాయి. ఎవరోగానీ మహా భక్తిగా తోమారు" అన్నాడు.

పేరిందేవి ఆ కొట్టు మెట్టు మీదే కూలబడి ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా ఏడ్చింది. ఏడవనీ. ఏడవాల్సిందే.

అప్పుడు పక్క ఊరికి పరిగెత్తింది. రూపాయల మూట వదిన ముందు పెట్టి, తప్పయిపోయింది అంది. మాణిక్యమ్మ మజ్జిగ ఇచ్చింది. "నీ తప్పేముందిలే, తూకం తక్కువొచ్చింది" అంది. రానంది.

రెండోసారి వీరాచారి చేత చీటీ రాయించుకుని వెళ్ళింది. మాణిక్యమ్మ ఆ చీటీ చదవకుండానే మడిచి తిరిగిచ్చింది. "నాకెందుకమ్మా, నాకు తెలుసుగా" అంది.

మూడోసారి ఏమీ పట్టుకెళ్ళలేదు. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది, అంతే. చాలాసేపయ్యాక మాణిక్యమ్మ లేచి, "పద, పిండి పులిసిపోతుంది" అంది. ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చారు.

ఆ తర్వాత పేరిందేవి ఫోన్లో ఉన్నదున్నట్టు రాసింది. అసలు వెండి, బాగా అరిగినవి, తూకం తక్కువ అని. ధర తగ్గించి తీసుకున్నాడాయన. కప్పు బాగుచేయించారు. కొత్త వాసాలు, కొత్త పెంకులు. ఆ ఏడు కుండపోతగా వానలు పడ్డాయి. ఇంట్లో ఒక్క చుక్క కారలేదు.

మళ్ళీ మాట్లాడుకున్నారా అంటావా? మాట్లాడుకోకేం. ఉప్పు అయిపోయింది, పాలు పొంగాయి, మినప్పిండి ఇంకో రెండు కిలోలు కావాలి. అన్నీ మాట్లాడుకున్నారు. తిట్టుకోలేదు, అలగలేదు. మాణిక్యమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తనే లేదు.

కానీ వచ్చిన మర్నాడు పొద్దున్న మాణిక్యమ్మ చేతిసంచీ తీసుకుని బజారుకి బయల్దేరింది. గడప దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి వచ్చింది. పిండి కలుపుతున్న పేరిందేవి ముందు నిలబడి, సంచీ బోర్లించి దులిపింది. తన చిల్లర నాణేలు రెండు, ఓ చేతిరుమాలు కింద పడ్డాయి. కొంగు ముడి విప్పి అది కూడా చూపించింది.

"చూసుకో తల్లీ, వెళ్ళొస్తాను" అంది.

కోపంగా అనలేదు. పేరిందేవి పిండి చేతులతోనే దణ్ణం పెట్టి, వద్దు వదినా, వద్దు అని బతిమాలింది. మాణిక్యమ్మ సరేనంది. సరేనని, అన్నీ సంచీలో వేసుకుని వెళ్ళింది.

మర్నాడు మళ్ళీ దులిపింది. ఆ మర్నాడూ దులిపింది. గుడికెళ్ళినా, డాక్టరు దగ్గరికెళ్ళినా, బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోంచి సంచీ దులపకుండా గడప దాటలేదు మాణిక్యమ్మ.

అంతే తల్లీ. ఇంకేం లేదు. పడుకో.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మాట పడ్డ మనసు మాత్రం
మళ్ళలేదు ఇంటికి.